ముల్లుకు చెప్పాల్సింది ఆకుకు చెప్తున్నరు

కొంచెం పెద్ద పోస్ట్. హాస్టల్‌లో రాత్రి స్టడీ అవర్ అయినంక మేం నలుగురం కూర్చొని మూడు రోజులు రాసినం. ఓపికతో చివరిదాకా చదవండి.

ముందే ఒక మాట. మన గ్రూపులో సేవాలాల్ మహరాజ్‌ను మొక్కేవాళ్లు ఉన్నరు, చర్చికి పోయేవాళ్లు ఉన్నరు, రెండూ లేనివాళ్లు ఉన్నరు. ఇది మతం మారాల్నా వద్దా అనే పంచాయితీ కాదు. దయచేసి కామెంట్లల్ల దాన్ని తేకండి. మేం దేవరకొండ, చందంపేట, అచ్చంపేట దిక్కు తండాల నుంచి వచ్చినోళ్లం, చర్చికి పోయే ఇండ్ల పిల్లలం. మేం అడిగేది ఒక్కటే. లైంగికంగా గాయపడ్డ మనిషి ఆదివారం వచ్చి చాప మీద కూర్చుంటే, ఆమెకు ఎట్లాంటి వాక్యం చెప్పాలె?

మన దిక్కు యూత్ మీటింగులల్ల ఒక సామెత తప్పకుండా వస్తది. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు పోయి ముల్లు మీద పడ్డా చినిగేది ఆకే. ఇది బైబిల్ మాట కాదు. మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్న లోకం మాట. అయినా వాక్యంతో సమానంగా చెప్తరు. ఆడపిల్లలను లేపి నిలబెట్టి మరీ చెప్తరు. చెప్పేటాయనకు చెడు ఉద్దేశం ఉండదు, పిల్లలు జాగ్రత్తగ ఉండాలనే చెప్తడు. కానీ ఆ వరుసల ఇప్పటికే చినిగిన ఆకు ఒకటి నిలబడి ఉంటే ఆమెకు ఏం వినపడ్తదో ఆలోచించినమా? "నువ్వు ఇంక అతుకవు" అని వినపడ్తది. ముల్లు మాత్రం అదే హాలులో మగవాళ్ల వరుసల కూర్చొని ఆమెన్ అంటుండొచ్చు. దానికి చెప్పిన మాట ఒక్కటీ లేదు.

మాకు తెలిసిన ఒక అక్క అట్లాంటి మీటింగు తర్వాత చర్చికి రావడం మానేసింది. ఆమె ఒప్పుకున్నంకనే ఈ రెండు ముక్కలు రాస్తున్నం. ఊరు, చర్చి, చదువు ఏవీ రాయం. అడగకండి, ఊహించకండి. ఆమె మాతో అన్నది ఇంతే: "చేసినోన్ని దేవుడు చూసుకుంటడు అన్నరు. నన్ను మాత్రం వాళ్లే చూసుకున్నరు."

అట్లాంటోళ్లు మన చర్చిలల్ల ఎవరుంటరు అనుకోకండి. మన ప్రాంతం ఎట్లుంటదో మనకే తెలుసు. వానలు లేకపోతే అమ్మానాయినలు హైదరాబాద్, పూణే, బొంబాయి పనికి పోతరు. పాలమూరు లేబర్ అనే పేరు ఊరికే రాలేదు. పిల్లలు ముసలవ్వ దగ్గరనో, హాస్టల్‌లనో ఉంటరు. పిల్లలకు ఏమన్న అయితే వెంటనే చెప్పుకునే మనిషి దగ్గర ఉండదు. 2014 జనవరిలో మన నల్గొండ జిల్లా పెద్దవూర మండలంల ఒక స్వచ్ఛంద సంస్థ హాస్టల్‌లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటది. పది మందికి పైగా చిన్న గిరిజన ఆడపిల్లలు. పాఠం చెప్పడానికి పెట్టిన ట్యూటరే చేసిండు. 2016 జనవరిలో నల్గొండ కోర్టు అతనికి జీవిత ఖైదు వేసింది. హాస్టల్ చూసుకునేవాళ్లకు కూడా శిక్ష పడ్డది. ఆ పిల్లలు ఇప్పుడు మా ఈడు పిల్లలు. ఎక్కడో ఒక కాలేజీల చదువుతుండొచ్చు, ఎక్కడో ఒక గుడిలనో చర్చిలనో కూర్చొని ఉండొచ్చు. వాళ్లను ఎవరూ గుర్తుపట్టొద్దు, అది వాళ్ల హక్కు. కానీ వాక్యం చెప్పే ప్రతి ఒక్కరూ అట్లాంటి బిడ్డ ఒకరు ఎదురుంగ ఉన్నరు అనుకొనే చెప్పాలె అన్నదే మా మాట. ఉన్నదా లేదా అని వెతకొద్దు. ఉన్నది అనుకొని చెప్పాలె.

మగపిల్లల హాస్టల్ నుంచి మా ప్రార్థనకు వచ్చే ఒక తమ్ముడు ఇంకో మాట కలిపిండు. "అక్కా, బిడ్డ అంటే ఆడపిల్ల అనే రాస్తున్నరు. మగపిల్లలకు కూడా అయితది. మాకైతే సామెత గూడ లేదు." నిజమే. పోక్సో చట్టం 18 ఏండ్ల లోపు ఆడపిల్లలు, మగపిల్లలు అందరికీ ఒకటే. చట్టం గుర్తుపట్టినంత కూడా మన ప్రసంగాలు గుర్తుపట్టలేదు.

ఇంక బైబిల్ సంగతికి వద్దాం. చర్చి పెద్దలు "ఇట్లాంటివి పుల్పిట్ మీద మాట్లాడొద్దు, అది పరిశుద్ధ స్థలం" అంటరు. కానీ బైబిల్ దీన్ని దాచలేదు. రెండవ సమూయేలు 13వ అధ్యాయం తీసి చూడండి. తామారు రాజు బిడ్డ. అన్న వరుసయ్యే అమ్నోను రోగం వచ్చినట్టు పడుకొని, ఆమె చేతి వంట కావాలని పిలిపించుకున్నడు. ఆ ఉపాయం చెప్పింది యోనాదాబు అనే చుట్టం. పంపించింది కన్నతండ్రి దావీదు. ఆమె వద్దన్నది, బతిమిలాడింది, ఇది అన్యాయం అని వాదించింది. ఆయన వినలేదు. తర్వాత బయటికి గెంటి తలుపు వేయించిండు. ఆమె తల మీద బూడిద పోసుకొని, వస్త్రం చింపుకొని, ఏడ్చుకుంట పోయింది. దాచిపెట్టలేదు.

ఇక్కడి నుంచి మన తండాల జరిగే కథే. సొంత అన్న అబ్షాలోము ఊరుకో, వాడు నీ అన్నే కదా, మనసుల పెట్టుకోకు అన్నడు. మన ఇండ్లల్ల అనే మాట ఇదే కదా. దావీదుకు విషయం తెలిసింది, చాన కోపం వచ్చింది. అంతే. ఏమీ చేయలేదు. రెండేండ్లకు అబ్షాలోము అమ్నోనును చంపించిండు. ఆ ఇల్లు కూలింది. రాజ్యం కూడా కూలేదాక వచ్చింది. తామారు మాత్రం అన్న ఇంట్ల ఒంటరిగ మిగిలిపోయింది.

దావీదు మీద మన దగ్గర వంద ప్రసంగాలు వింటం. గొల్యాతు, గొర్రెల కాపరి, కీర్తనలు. తామారు తండ్రిగా దావీదు మీద ఒక్క ప్రసంగం వినలేదు. కోపం వచ్చి కూడా ఏమీ చేయని పెద్దమనుషుల గురించి దేవుని వాక్యం అంత వివరంగ ఎందుకు రాసిపెట్టిందో ఎవరన్న చెప్తే బాగుండు. దక్షిణాఫ్రికాలో ఉజామా సెంటర్ అనే సంస్థ ఈ ఒక్క అధ్యాయాన్నే తీసుకొని చర్చిలల్ల ఆడవాళ్లను గుంపులుగా కూర్చోబెట్టి చదివించింది. తామారు క్యాంపెయిన్ అని దానికి పేరు. వాళ్లు ముందు అడిగే ప్రశ్నలు చాన చిన్నవి: ఈ కథల ఎవరెవరు ఉన్నరు? ఒక్కొక్కరు ఏం చేసిన్రు? అంతే. మేం మా హాస్టల్ ప్రార్థనల ఆ రెండు ప్రశ్నలే అడుగుకుంట చదివినం. గంటన్నర పట్టింది. ఎవరూ తల దించుకోలేదు.

బత్షెబ సంగతి కూడా అంతే. మేడ మీద స్నానం చేసి రాజును పడేసింది అని చెప్తరు. రెండవ సమూయేలు 11వ అధ్యాయంల మేడ మీద ఉన్నది దావీదు. ఆమె ఎక్కడ స్నానం చేస్తున్నదో అండ్ల లేదు. మనుషులను పంపి పిలిపించుకున్నది రాజు. రాజు మనుషులు వాకిట్ల నిలబడితే రాను అనే ధైర్యం ఎవరికుంటది? మన తండాలకు పూర్వం దొర మనిషి వస్తే ఎట్లుండెనో మన తాతలను అడగండి. ఆ తర్వాత నాతాను ప్రవక్త వచ్చి రాజుకు ఒక కథ చెప్పిండు. ఒక బీదవాడు చిన్న ఆడ గొర్రెపిల్లను బిడ్డ లెక్క సాదుకుంటడు. తన కంచంల తినిపిస్తడు, ఒళ్లె పండుకోబెట్టుకుంటడు. మంద ఉన్న ధనవంతుడు వచ్చి దాన్ని గుంజుకపోయి కోసి వండిస్తడు. గొర్లు మేకలు సాదిన మన ఇండ్లకు ఈ కథ విడమరిచి చెప్పాల్నా? ఆ కథల గొర్రెపిల్ల తప్పు ఏమన్న ఉన్నదా? నాతాను వేలు చూపించింది ఒక్క మనిషి దిక్కే, అది కూడా సింహాసనం మీద కూర్చున్నోని దిక్కు. మేం చెప్పే కరుణ గల ప్రసంగం అంటే ఇదే. మెత్తగ మాట్లాడుడు ఒక్కటే కరుణ కాదు. ముల్లును ముల్లు అనడం కూడా కరుణే.

ఇంకొక ప్రశ్న ఉన్నది, పాతది. "మరి అరవలేదెందుకు?" ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చూపించి అడిగేవాళ్లు కూడ ఉన్నరు, పట్నంల అయితే అరవాలె కదా అని. అదే అధ్యాయంల కొంచెం కిందికి పోతే, పొలంల దొరికిన అమ్మాయి గురించి ఉంటది. ఆమె అరిచే ఉంటది, కాపాడేవాళ్లే లేకపోయిన్రు అని అక్కడ ఆమె పక్షాన అనుకున్నరు. ఆమె మీద ఏ తప్పూ లేదు, ఒకడు ఇంకొకని మీద పడి ప్రాణం తీయడం ఎట్లనో ఇది అట్లనే అని చెప్పిన్రు. ముందు వచనం చదివి ఇది చదవకుండ లేచిపోతరు. ఇదే ప్రశ్న మన దేశపు పెద్ద కోర్టు కూడా ఒకప్పుడు అడిగింది. 1972లో మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద పోలీస్ స్టేషన్లనే అఘాయిత్యం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు, ఒంటి మీద దెబ్బలు లేవు, ఎదిరించిన గుర్తులు లేవు అని పోలీసులను వదిలేసింది. దేశమంత ఆడవాళ్లు రోడ్డు మీదికి వచ్చిన్రు. 1983లో చట్టం మారింది. మన లాంటి ఒక ఆదివాసీ బిడ్డ వల్ల చట్టం మారింది అని మన గ్రూపుల ఎంతమందికి తెలుసు? భయంతోని గొంతు రాదు, కాళ్లు చేతులు బిగుసుకపోతయి. పామును చూసి కదలకుండ నిలబడ్డోన్ని "పాము అంటే ఇష్టమా" అని ఎవరూ అడగరు.

తర్వాత క్షమాపణ. దీని గురించి భయపడుకుంటనే రాస్తున్నం, ఎందుకంటే క్షమించుడు మన విశ్వాసంల పెద్ద మాట. మేం దాన్ని కాదనడం లేదు. కానీ మన దగ్గర జరిగేది ఏంది? విషయం బయటికి రాంగనే పెద్దమనుషులు కూర్చుంటరు, ఇంత అని మాట్లాడుతరు, తర్వాత ప్రార్థన చేసి బిడ్డతోని "క్షమించిన" అనిపిస్తరు. అది క్షమాపణ కాదు, రాజీ. క్షమించిన అన్నంక కేసు ఎందుకు అంటరు. మళ్ల ఆదివారం వాడు ముందు వరుసల కూర్చుంటడు, ఆమె ఇంట్ల కూర్చుంటది. గాయం మానకముందే కట్టు విప్పి "నొప్పి లేదు అను" అంటే మానుతదా? క్షమించుడు ఎప్పుడన్న ఆమెకు దేవునికి మధ్యల జరిగితే జరుగనీయండి. దానికి తారీఖు పెట్టే అధికారం పాస్టర్‌కు లేదు, పెద్దమనిషికి లేదు. ఆమె లోపల క్షమించినా బయట కేసు నడవొచ్చు. రెండూ ఒకటి కాదు.

ఇంకో రెండు ఆచారాలు కూడా మాట్లాడుకోవాలె. ఒకటి సాక్ష్యం. మన చర్చిలల్ల సాక్ష్యం చెప్పుడు మంచి ఆచారమే, రోగం తగ్గింది, అప్పు తీరింది అని చెప్పుకుంటం. కానీ ఇట్లాంటి విషయంల "లేచి చెప్పు బిడ్డా, దేవుడు విడుదల ఇస్తడు" అంటే ఆమె రేపు తండాల ఎట్ల నడవాలె? రెండోది దయ్యం. రాత్రి నిద్ర రాకపోవుడు, ఒక్కసారి ఉలిక్కిపడి లేచుడు, ఫిట్స్ లెక్క పడిపోవుడు, ఎవరన్న ముట్టుకుంటే అరుచుడు. ఇవి దెబ్బతిన్న మనసుకు వచ్చేవి. దయ్యం అని నూనె రాసి, నలుగురు మగవాళ్లు తల మీద, భుజాల మీద చేతులు పెట్టి గట్టిగ అరుచుకుంట ప్రార్థన చేస్తే, ముట్టుకుంటేనే భయపడే బిడ్డకు అది ఇంకో దెబ్బ. ప్రార్థన వద్దు అంటలేం. దూరం కూర్చొని, అడిగి, మెల్లగ చేయండి. డాక్టర్ దగ్గరికి కూడా తీసుకపోండి. జడ్చర్లల మెన్నొనైట్ బ్రెదరన్ వాళ్లు ఆసుపత్రి ఎందుకు కట్టిన్రు? ప్రార్థన తెలియక కాదు కదా. మన పాలమూరు, నల్గొండ దిక్కు సువార్త వచ్చిందే బడితోని, మందుతోని కలిసి వచ్చింది.

ఇవన్నీ మేం మా తండా పాస్టర్ అయ్యగారితోని మాట్లాడినం. ఆయన వారమంత మేస్త్రీ పని చేస్తడు, ఆదివారం వాక్యం చెప్తడు. మేం గోర్ బోలిలనే చెప్పినం. చాన సేపు మాట్లాడలేదు. తర్వాత అన్నడు:

"నాకు ఇది ఎవరూ నేర్పలే బిడ్డా. నేను విన్నదే చెప్తున్న. నలుగురు కూర్చున్న చోట ఈ మాట ఎట్ల తీయాలె?"

"మీరు కొత్తగ ఏం తీయకండి అయ్యగారూ. తామారు అధ్యాయం ఉన్నది ఉన్నట్టు చదవండి. తప్పు ఎవరిదో బైబిల్ చెప్పినట్టే చెప్పండి."

"మగోళ్లు లేచిపోతే?"

దానికి మాకు జవాబు లేకుండె. అమ్మగారు లోపల నుంచి అన్నది, "పోతే పోనీయండి. ఎవరు పోతరో చూద్దాం."

రెండు ఆదివారాలు ఆగి, మూడో ఆదివారం చెప్పిండు. ఎవరూ లేచిపోలేదు. గట్టిగ అరవలేదు, ఎవరినీ లేపి నిలబెట్టలేదు, ఏడవమని అడగలేదు. చివరికి ఇంతే అన్నడు: ఇట్లాంటిది ఎవరికన్న జరిగి ఉంటే అది నీ పాపం కాదు, దేవుడు నిన్ను మురికిగ చూస్తలేడు, మాట్లాడాలనిపిస్తే అమ్మగారు ఉన్నది, మాట్లాడాలనిపించకపోయినా ఈ ఇల్లు నీదే. అన్నం వడ్డించేటప్పుడు ఒక ముసలవ్వ అమ్మగారి పక్కకు వచ్చి కూర్చున్నది. చేయి పట్టుకొని, "నా చిన్నప్పుడు" అన్నది. తర్వాత ఏం చెప్పిందో మాకు తెలియదు, మేం అడగలేదు. అన్ని ఏండ్లు ఆ అవ్వ ఎన్ని వందల ప్రసంగాలు విని ఉంటదో అని మాత్రం అనుకున్నం.

ఇంక చట్టం సంగతి, వాక్యం చెప్పేవాళ్లకు కూడా తెలవాలె కాబట్టి రాస్తున్నం. బిడ్డ వయసు 18 లోపు ఉంటే, విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అది. పాస్టర్‌కు, వార్డెన్‌కు, పెద్దమనిషికి మినహాయింపు లేదు. చెప్పకుండ దాచిపెడితే 21వ సెక్షన్ కింద శిక్ష ఉన్నది. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల తప్పు దాచితే ఏడాది దాకా జైలు. బిడ్డ మాట తీసుకునేటప్పుడు పోలీసులు యూనిఫాంల ఉండొద్దు, బిడ్డ ఇంటికాడనో ఆమెకు ఇష్టమున్న చోటనో తీసుకోవాలె, సాధ్యమైనంత వరకు మహిళా అధికారి ఉండాలె. 18 దాటిన మనిషి అయితే కేసు పెట్టాల్నా వద్దా అన్నది ఆమె ఇష్టం, ఎవరూ తొందరపెట్టొద్దు, ఎవరూ ఆపొద్దు. ఏ పోలీస్ స్టేషన్లనైనా జీరో ఎఫ్‌ఐఆర్ చేయించుకోవచ్చు. సర్కారు దవాఖాన అయినా ప్రైవేటు అయినా మొదటి చికిత్స ఉచితంగ చేయాల్సిందే. బాధితురాలి పేరు బయటపెట్టుడు నేరం, ప్రార్థన విన్నపం అని వాట్సాప్‌ల పేరు పెట్టుడు కూడా అండ్లకే వస్తది. పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181, అర్జెంట్ అయితే 112. భరోసా సెంటర్‌ల పోలీసు, డాక్టర్, కౌన్సిలింగ్ సాయం ఒక్క చోటనే దొరుకుతది. ఈ నంబర్లు చర్చి గోడ మీద వాక్యం క్యాలెండర్ పక్కన రాసిపెట్టుడుకు ఒక్క రూపాయి ఖర్చు కాదు.

కేసు పెడితే న్యాయం తప్పకుండ వస్తది అని మేం మాట ఇవ్వం. 2007 ఆగస్టుల విశాఖ ఏజెన్సీ వాకపల్లిల 11 మంది కోందు ఆడవాళ్లు పోలీసుల మీద ఫిర్యాదు చేసిన్రు. 2023 ఏప్రిల్‌ల తీర్పు వచ్చింది, నిందితులను వదిలేసిన్రు. దర్యాప్తు సరిగ చేయలేదని కోర్టే చెప్పి, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వమన్నది. పదిహేనేండ్లకు పైగా వాళ్లు అదే మాట మీద నిలబడ్డరు. కోర్టు ఆలస్యం చేయొచ్చు, ఓడిపోవచ్చు. అందుకనే పక్కన నిలబడే మనుషులు ఇంకా ఎక్కువ అవసరం. చర్చి ఆ పని చేయలేకపోతే ఇంకెవరు చేస్తరు? తండా, గుడి, స్టూడెంట్ యూనియన్, మన గ్రూపు, అందరికీ ఇదే ప్రశ్న.

మొదట చెప్పిన ఆ అక్క ఇంకా చర్చికి రావడం లేదు. రమ్మని మేం అడగం. ఆ ఆదివారం వాక్యం గురించి మాత్రం చెప్పినం. అంత విని, "దావీదు ఏం చేయలేదని నిజంగనే ఉన్నదా అండ్ల?" అని అడిగింది. మా దగ్గరున్న బైబిల్ తీసుకపోయింది. ఇంకా తిరిగి ఇవ్వలేదు.

గ్రూపుల వాక్యం చెప్పే అన్నలు, యూత్ లీడర్లు, పాస్టర్ల పిల్లలు చాలామంది ఉన్నరు. ఈ క్రిస్మస్ లోపల మీ మీ తండాలల్ల ఒక్క ఆదివారం ఈ అధ్యాయం మీద చెప్పించండి. మూడు మాత్రం పాటించండి: ఎవరినీ లేపి నిలబెట్టొద్దు, ఎవరి పేరూ తీయొద్దు, తప్పు చేసినోని దిక్కే వేలు చూపించండి. ఆ సామెత మాత్రం ఇంక వద్దు.